రైలు నేర్పిన అక్షరాలు

రాయ్‌పుర్ నగరానికి ఉత్తరాన, బిలాస్‌పుర్ వెళ్ళే రహదారిపై భన్‌పురి అనే పారిశ్రామిక వాడ వున్నది. దానికి చేరువలోనే ఉర్కురా రైల్వే స్టేషను, వాగన్లను మరమ్మతు చేసే పెద్ద కర్మాగారం, ఆ కర్మాగారపు ఉద్యోగుల కాలనీ వున్నవి. హౌరా నుండి నాగపూరు మీదుగా బొంబాయి పోయే ప్రధాన మార్గం ఆ ఇండ్లకు వినికిడి దూరంలో సాగుతుంది. ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు బడి హిందీ నేర్పింది. వీధి ఛత్తీస్‌గఢీ నేర్పింది. ఇంట్లో అమ్మ మాట తెలుగు. కాని ఆ తెలుగుకు అక్షరాలు కూడా వున్నవని, వాటిని చదవవచ్చునని వారిలో ఎందరికో తెలియజెప్పినది బడీ కాదు, ఇల్లూ కాదు. రైలు.

ఆ సంగతికి రాకముందు, పట్టాల పక్కన పెరగడమంటే ఏమిటో కొంత చెప్పవలె.

పట్టాల దగ్గరి ఇంట్లో గడియారానికి పెద్దగా పని వుండదు. పొయ్యి రాజేసేది ఒక బండి కూతకు, పిల్లల్ని బడికి తరిమేది ఇంకొక బండి కూతకు. నడుమ కర్మాగారపు సైరను. చుట్టపుచూపుగా వచ్చినవారికి మొదటి రాత్రి కన్ను మూతపడదు. ఆ ఇంటి పిల్లలకు మాత్రం, వేళకు రావలసిన బండి రాకపోతేనే మెలకువ వస్తుంది. కంటితో చూడనక్కరలేకుండానే వారు బండిని పోల్చుకొంటారు. ఖాళీ గూడ్సు గలగలలాడుతూ, ఎగిరిపడుతూ పోతుంది. బొగ్గో ఉక్కో నిండిన బండి నేలను అదిమిపెట్టి, మూలుగుతూ పోతుంది. గూటిలోని గిన్నెలు దానికి బదులు పలుకుతాయి. భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమి 1959 ఫిబ్రవరి 4న బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా ప్రారంభమైన తరువాత, ఆ దారిని గూడ్సు బండ్లకు కొదవ లేకుండా పోయింది.

వాగన్లు లెక్కపెట్టడం అక్కడి పిల్లలకు గోళీలాట కన్న మిన్న. యాభై ఎనిమిదా, యాభై తొమ్మిదా అన్నదానిపై స్నేహాలు చెడిన రోజులున్నవి. చివరి పెట్టెలో నిలబడిన గార్డు పచ్చజెండా ఒక్కమారు ఇటు తిప్పితే ఆనాటికి అదే పండుగ. నలుపలకల అల్యూమినియం అయిదు పైసల బిళ్ళను పట్టా మీద పెట్టి, బండి పోయాక వెదికి చూస్తే అది వేపాకులా పలుచనై, వేడిగా దొరికేది. కొనుక్కుతినడానికి అక్కరకు రాని ఆ డబ్బును దాచుకొన్నంత పదిలంగా మరే డబ్బునూ ఆ పిల్లలు దాచుకొని వుండరు. ఆవిరి ఇంజన్లున్న కాలంలో ఇంజను దులిపిన బూడిదలో సగం కాలిన బొగ్గు ఏరుకోవడం కొందరికి ఆట, కొందరికి ఇంటి అవసరం. ఆగివున్న గూడ్సు బండి కిందుగా దూరి అవతలికి పోవడం మాత్రం ఆటా కాదు, అవసరమూ కాదు, ఒట్టి తెగింపు. ఎప్పుడు కదులుతుందో తెలియని బండి అది. ఆ పని తలచుకొంటే నేడు తాతలైనవారికి సైతం వెన్ను జలదరిస్తుంది. తల్లులు కొట్టారు, ఒట్లు వేయించుకొన్నారు. ఆ దెబ్బలు న్యాయమైనవే.

అసలు ఇంత దూరాన తెలుగు ఇండ్లు ఎట్లా వెలిసినవి? ఇది కూడా రైలు కథే. 1877లో కలకత్తా నుండి రాయ్‌పుర్ వచ్చిన ఒక పదునాలుగేండ్ల బాలునికి నాగపూరు దాకా మాత్రమే రైలు దొరికింది. అక్కడి నుండి రెండు వారాలకు పైగా అడవి దారిలో ఎడ్లబండి ప్రయాణం. ఆ బాలుడు నరేంద్రనాథుడు, అనంతరకాలంలో వివేకానందస్వామి. తరువాత కొద్ది యేండ్లకే నాగపూరు నుండి రాజనందగాఁవ్ వరకు మీటరుగేజి మార్గం వేశారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దానిని స్వీకరించి, బ్రాడ్‌గేజిగా మార్చి, తూర్పుకు పొడిగించింది. 1891 నాటికి నాగపూరు నుండి ఆసన్‌సోల్ వరకు మార్గం పూర్తి అయింది.

1902లో తూర్పుతీరపు రైలుమార్గం ఉత్తరభాగం, అంటే వాల్తేరు నుండి కటకం వరకు, అదే కంపెనీ చేతికి వచ్చింది. దానితో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెల్లోనికి 'బీఎన్నారు' అనే మాట ప్రవేశించింది. వానలు తప్పిన యేడు, అప్పు తీరని యేడు, ఆ మాట ఒక దారి చూపేది. ఖరగ్‌పూరుకు పోయినవారు పోయారు. బిలాస్‌పుర్, రాయ్‌పుర్ల వైపు వచ్చినవారు వచ్చారు. విజయనగరం నుండి పార్వతీపురం దాకా అంతకు ముందే వచ్చివున్న పట్టాలు తూర్పు కనుమలు దాటి 1931లో రాయ్‌పుర్‌ను కలుసుకొన్నవి. సుమారు 470 కిలోమీటర్ల ఆ మార్గాన్ని కంపెనీవారు తెలుగువారి సౌకర్యం కోరి వేయలేదు. విశాఖపట్నంలో రేవు తయారవుతున్నది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రపు వాకిలి కావలసివచ్చింది. రేవు 1933లో తెరిచారు. ఖనిజం కిందికి దిగింది. ఆ బండ్లు వచ్చిన దారినే మనుషులు పైకి ఎక్కారు.

స్వాతంత్ర్యానంతరం కంపెనీ పేరు పోయింది. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో బిలాస్‌పుర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వచ్చాయి. పెద్దల నోట మాత్రం అది చాలాకాలం బీఎన్నారే.

వాగన్ల మరమ్మతు కర్మాగారం వచ్చినది 1960ల దశకంలో. దేశం నలుమూలలా తిరిగి, స్ప్రింగులు విరిగి, రేకులు తుప్పుపట్టి, కుంటుకొంటూ వచ్చిన వాగన్లను విప్పి, చక్రాలను లేతు మీద చెక్కి, బ్రేకులు సరిచేసి, కొత్తగా రంగు పూసి పంపడం అక్కడి పని. పంపేముందు వాగను ఒంటిపై తెల్లరంగుతో మరమ్మతు జరిగిన తేదీ, మళ్ళీ మరమ్మతుకు తిరిగి రావలసిన తేదీ అచ్చుబిళ్ళతో ముద్రవేస్తారు. ఆ పిల్లలు మొదట చదివిన రాత పుస్తకాల్లోనిది కాదు, ఈ వాగన్ల మీదిదే. తిరిగి రావలసిన తేదీ వాగనుకు వున్నది. ఊరు విడిచి వచ్చిన వారి తండ్రులకు మాత్రం అటువంటిది ఎవరూ రాసి ఇవ్వలేదు.

తండ్రుల చేతిలో వున్నది పాసు. రైల్వే ఉద్యోగికి కుటుంబంతో ఉచితంగా ప్రయాణం చేయడానికి ఇచ్చే ఆ కాగితం మీద భార్య, పిల్లల వివరాలు, వారి వయస్సులు వరుసగా వుంటాయి. వేసవి సెలవులకు నెల ముందు నుండే ఇంట్లో దాని మాటే. ఆ కాగితంలో తన పేరు వున్నంతకాలం పిల్లవాడు పిల్లవాడే. ఇరవై ఒక్క యేండ్లు నిండి చదువు కూడా ముగిసిన కొడుకు పేరు అందులో నుండి పోతుంది. పెళ్ళయిన కూతురి పేరు పోతుంది. రైల్వే ఇంట్లో బాల్యం ముగిసే రోజును గుమాస్తా నిర్ణయిస్తాడు.

ఒక చిత్రమైన సంగతి. ఇంటి ముందుగా పగలూ రాత్రీ పోయే బండ్లలో అత్యధికం హౌరాకో బొంబాయికో పోయేవి. అమ్మమ్మగారి ఊరికి పోవాలంటే పెట్టెలు, మూటలు మోసుకొని రాయ్‌పుర్ పెద్ద స్టేషనుకు చేరుకోవలె. అక్కడ విశాఖపట్నం పాసింజరు ఎక్కితే మహాసముంద్, బాగ్‌బాహరా వరకు బోర్డులన్నీ బడిలో చూచిన నాగరి లిపి. ఖరియార్ రోడ్డు దగ్గర గుండ్రని ఒడియా అక్షరాలు మొదలవుతాయి. కాంటాబాంజీ, టిట్లాగఢ్, కేసింగా, మునిగుడ, రాయగడ. ప్రతి స్టేషనులో ఆగుతూ, ఎదుటి బండికి దారి ఇస్తూ, సాగి సాగి ప్రయాణం. కొండలు దగ్గరికి వస్తాయి. తెచ్చుకొన్న చద్దిమూట అయిపోతుంది. రాయగడ దాటి, లడ్డ, జిమిడిపేట దాటాక ఒక చిన్న స్టేషను వస్తుంది. పసుపుపచ్చని బోర్డు మీద తెలుగు అక్షరాలు: కూనేరు.

పెట్టెలోని పెద్దల ముఖాలు అక్కడ మారిపోయేవి. తండ్రి బిడ్డను కిటికీ దగ్గరికి లాగి, వేలు పట్టి చూపించేవాడు. మొదటి అక్షరం కూ. రైలు కూసే కూతే అది! అంతకన్న తేలికైన తొలి పాఠం ఏ వాచకంలో దొరుకుతుంది? తరువాతి పాఠం మాత్రం దయలేనిది: పార్వతీపురం. వకారం నెత్తిన రేఫ ఏమిటో, తకారానికి గుడిదీర్ఘం ఏమిటో అర్థమయ్యేలోగా బండి కదిలేది. బొబ్బిలి వచ్చేసరికి బకారం కింద ఇంకొక బకారం ఒదిగి కూర్చొన్నట్టు కనబడి పిల్లలు నవ్వుకొనేవారు. కోమటిపల్లి దాటాక వచ్చే గజపతినగరం పసివాని పాలిటి వరం. గ, జ, ప, న: వరుసగా తలకట్టు అక్షరాలు, నడుమ ఒక్క గుడి, చివర ఒక్క సున్న, కూడబలుక్కొని మొత్తం తానే చదివేయవచ్చు. గరుడబిల్లి, గొట్లాం కూడా అయి విజయనగరం చేరేటప్పటికి 'నగరం' అన్నది ముందే వచ్చిన మాట కనుక సగం బోర్డు చూడకుండానే చదవగలిగేవారు. ఒక వేసవిలో నాలుగక్షరాలు, మరుసటి వేసవిలో మరి నాలుగు. నడుమ పదినెలలు మరపు. పలక పట్టించి కూర్చోబెట్టినవారు లేరు. అయినా ఇట్లా అక్షరాలు కూడుకొన్నవారు వున్నారు.

ఊళ్ళో "ఒచ్చీసినారేటి గుంటలు!" అని ఎదురొచ్చే అమ్మమ్మ మాట వారికి అర్థమయ్యేది, వారి హిందీ యాస తెలుగు విని మేనమామ పిల్లలు పడిపడి నవ్వేవారు. సెలవులు ముగిసి తిరిగివచ్చాక భన్‌పురి వీధిలో స్నేహితుడు "కహాఁ గే రహేస్?" (ఎక్కడికి పోయావు?) అని అడిగితే, గావ్ వెళ్ళామని చెప్పేవారు. కాని అమ్మమ్మ ఇంట్లో ఇరుగుపొరుగు మీ ఊరేదని అడిగితే నోట వచ్చేది రాయ్‌పుర్. రెండూ నిజమే. ఈ పిల్లలు దసరాకు కాలనీ మైదానంలో రావణుని బొమ్మ తగలబడటం చూస్తూ పెరిగారు. తల్లిదండ్రులు ఆ మంటల వెలుగులో విజయనగరం పైడితల్లి సిరిమానును గూర్చి చెప్పుకొన్నారు.

పట్టాలు మూగపోయిన కాలం కూడ ఒకటి వున్నది. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. వేలాదిమంది అరెస్టు అయ్యారు. ఉద్యోగాలు పోయినవారు, క్వార్టర్లు ఖాళీ చేయవలసివచ్చినవారు ఎందరో. ఆనాడు రాష్ట్రపతి పదవిలో వున్న వి.వి. గిరి, 1920ల చివర బీఎన్నారు కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినవారే కావడం చరిత్ర చేసిన చిత్రం. రైల్వే కాలనీల పిల్లలకు రాజకీయాలు తెలియవు. వారికి గుర్తున్నది నిశ్శబ్దం. బండి కూతల నడుమ నిద్రపోవడం అలవాటైన పిల్లలు ఆ రాత్రులు మేలుకొని, పెద్దల గుసగుసలు విన్నారు. మళ్ళీ మొదటి గూడ్సు కదిలిన రోజున లెక్కపెట్టడం ఎవరికీ తోచలేదు.

రాయ్‌పుర్‌లో పెరిగినవారు మరచిపోలేని ఇంకొక బండి 'ఛోటీ లైను' బండి. 1900లో ధమ్‌తరీ దాకా వేసిన రెండున్నర అడుగుల నారోగేజి అది. అభన్‌పుర్ దగ్గర ఒక శాఖ రాజిమ్‌కు పోయేది. మాఘపూర్ణిమ మేళాకు దానిలో కిక్కిరిసి పోయిన రోజులను తలచుకొని నేటికీ నవ్వుకొనేవారున్నారు. నగరంలో అది పోయిన దారి నేడు విశాలమైన రహదారి. అభన్‌పుర్‌కు బ్రాడ్‌గేజి వేసి, 2025 మార్చిలో కొత్త బండి నడిపారు. చిన్నబండి పోయిందని బాధపడేవారు కూడ కొత్త బండి వద్దనరు.

విజయనగరం దారి మాత్రం నిలిచేవున్నది. 2024 సెప్టెంబరు నుండి దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ ఆ మార్గంలోనే, రాయ్‌పుర్ మీదుగా నడుస్తున్నది. ఒక చివర నుండి మరొక చివరకు ఎనిమిది గంటలు. పగలు ప్రయాణం, చల్లని పెట్టె, తెరుచుకోని అద్దాలు. పాసింజరులో చెమటకు తడిసి, ఇంజను మసికి కళ్ళు నలుపుకొంటూ పోయిన తరంవారు ఇప్పుడు మనుమలను వెంటబెట్టుకొని దానిలో పోతున్నారు. ఆ మనుమలలో కొందరికి ఇంట్లోనూ హిందీయే. ఆ బండి కూనేరులో ఆగదు, గరుడబిల్లిలో ఆగదు. రాయగడ వదలగానే తాతలు మనుమలకు కిటికీ వైపు సీటు ఇప్పించి, అద్దానికి వేలు ఆనించి సిద్ధంగా వుంటారు. పసుపుపచ్చగా ఏదో మెరిసి వెనుకకు పోతుంది. పిల్లవాడు చురుకైనవాడైతే మొదటి అక్షరం అందుతుంది: కూ.