‘ది అదర్స్’ ముగింపు: దెయ్యాలెవరో తెలిశాక మిగిలే కథ

అలెహాండ్రో అమెనాబార్ కథ రాసి, దర్శకత్వం వహించి, సంగీతం కూడా సమకూర్చిన ‘ది అదర్స్’ 2001లో విడుదలైంది. దాని చివరి మలుపు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: ఇంట్లో దెయ్యాలున్నాయని హడలిపోతున్న తల్లీపిల్లలే దెయ్యాలు. ఇది తెలిశాక కూడా సినిమా మళ్లీ చూడాలనిపిస్తుంది. ఎందుకంటే అసలు రహస్యం ఇది కాదు, దీని వెనక ఉన్నది. సినిమా చూడనివారు ముందు చూసి, తర్వాత ఇక్కడికి రావడం మేలు.

కథాకాలం 1945. స్థలం ఇంగ్లిష్ చానల్‌లోని జెర్సీ దీవి. అయిదేళ్ల జర్మన్ ఆక్రమణ అప్పుడే ముగిసింది. యుద్ధానికి వెళ్లిన భర్త చార్ల్స్ తిరిగి రాలేదు. కూతురు ఆన్, కొడుకు నికొలస్‌లతో గ్రేస్ (నికోల్ కిడ్‌మన్) పెద్ద బంగళాలో ఉంటోంది. పిల్లల ఒంటికి ఎండ పడదు. అందుకే కిటికీలకు ఎప్పుడూ మందపాటి తెరలుంటాయి, ఒక తలుపుకు తాళం వేశాకే మరో తలుపు తీయాలి. పాత పనివాళ్లు చెప్పాపెట్టకుండా మాయమయ్యారు. మిల్స్ అనే పెద్దావిడ, ఒక తోటమాలి, ఒక మూగ అమ్మాయి పని అడుగుతూ వస్తారు. తీరా చూస్తే, పనివాళ్లు కావాలని గ్రేస్ రాసిన ప్రకటన పోస్టుకే వెళ్లలేదు. ఆ ముగ్గురూ 1891లో క్షయతో చనిపోయి, ఆ ఆవరణలోనే సమాధి అయినవాళ్లని చివర్లో తెలుస్తుంది.

ముగింపులో గ్రేస్ మేడ మీది గదిలోకి వెళ్లేసరికి, ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్న ఒక కుటుంబంతో కలిసి కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఆత్మలను పిలుస్తుంటారు. కళ్లు తేలేసిన ముసలావిడ అడుగుతుంటే పిల్లలు జవాబిస్తుంటారు. గ్రేస్ ఆగ్రహంతో కాగితాలు చించేస్తుంది. బతికున్నవాళ్లకు మాత్రం కాగితాలు వాటంతటవే చిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఒకే సంఘటనను రెండు వైపుల నుంచి చూపిన ఈ కొద్ది క్షణాలు దర్శకుడి పనితనానికి పరాకాష్ఠ.

అప్పుడు గ్రేస్ నోటివెంట అసలు మాట వస్తుంది. ఒంటరితనం, నిరాశ కమ్మిన రోజున పిల్లలను దిండుతో ఊపిరాడకుండా చేసి చంపింది, ఆపై తనను తాను కాల్చుకుంది. కాసేపటికి పిల్లలు దిండ్లతో ఆడుకుంటూ నవ్వడం వినిపించింది. దేవుడు తనకు మరో అవకాశమిచ్చాడనుకుంది. తాము చనిపోయామన్నది ఆమెకు తెలియకపోవచ్చు, తాను చేసిన పని మాత్రం తెలుసు. ఆ రోజు గురించి ఆన్ పదేపదే మాట్లాడబోతే తల్లి అంతగా మండిపడేది ఇందుకే.

ఈ వెలుగులో మధ్యలోని ఒక దృశ్యం పూర్తిగా మారిపోతుంది. తెల్ల గౌనులో ఆడుకుంటున్న ఆన్ ముఖం ముసలిముఖంగా కనిపించి, గ్రేస్ ఆమె మీద పడుతుంది. తొలిసారి చూసినప్పుడు దెయ్యం పూనినట్టు ఉంటుంది. నిజానికి అక్కడ తొంగిచూసింది ఆత్మలను పిలిచే ఆ ముసలావిడ. తల్లి చేతులు మళ్లీ బిడ్డ మీద పడటమే ఆ దృశ్యంలోని అసలు భయం.

చీకటి నియమానికీ ఇదే అర్థం. తెరలన్నీ మాయమై ఎండ ఇంట్లోకి వచ్చినప్పుడు పిల్లలకు ఏమీ కాదు. వ్యాధి శరీరంతోనే పోయింది. మరణం తర్వాత కూడా ఆ తాళాలు కాపాడుతూ వచ్చింది గ్రేస్ తన ముందు తానే దాచుకున్న నిజాన్ని. అలాగని ఆమెను మోసగత్తె అనడం అన్యాయం. ఆమె పిల్లలను ప్రేమించిందన్నది ఎంత నిజమో, చంపిందన్నదీ అంతే నిజం. సినిమా ఈ రెంటిలో దేన్నీ చెరిపేయదు.

ఆమె విశ్వాసం కూడా ఇక్కడే కదిలిపోతుంది. అంతవరకు స్వర్గనరకాల గురించి, బాప్తిస్మం లేకుండా పోయిన పిల్లలు చేరే లోకం గురించి పాఠాలు చెప్పిన తల్లి, పిల్లలు అడిగితే తనకూ తెలియదంటుంది. తండ్రి యుద్ధంలో చనిపోయాడని ఒప్పుకుంటుంది. పొగమంచులోంచి వచ్చి, ఆ రోజు ఏం జరిగిందో కూతురి నోట విని, భార్యను నిలదీసి వెళ్లిపోయిన చార్ల్స్ కూడా చనిపోయినవాడే.

బతికున్న కుటుంబం ఇల్లు వదిలి వెళ్లిపోతుంది, తల్లీపిల్లలు అది తమ ఇల్లని పట్టుబట్టి నిలుస్తారు. దీన్ని దెయ్యాల గెలుపుగా చూసేవారున్నారు, తెగని బందీతనంగా చూసేవారూ ఉన్నారు. గ్రేస్‌కు శిక్ష పడిందో, క్షమ దొరికిందో సినిమా తేల్చదు. అయితే ఇకపై ఆ ఇంట్లో పిల్లలు ఎండలోకి వెళ్లొచ్చు, తల్లి చేసిన పని గురించి తల్లి ఎదుటే మాట్లాడొచ్చు.