ఆకునకు నాడి చూచుట

బిడ్డ యొడలు వెచ్చబడినచో మనము మొదట నుదుట చేయివైచి చూతుము. రెండుదినములకును తగ్గకున్న వైద్యుని కడకు గొంపోయి రక్తపరీక్ష చేయింతుము. జ్వరమేదియో తెలియకయే మూడు తెఱగుల మందులు మ్రింగించు వైద్యుని మరల గడప త్రొక్కనీయము. అట్టి మనమే పొలములోని పైరునకు జబ్బుచేసినపుడు దాని పేరైన నెఱుగక మందుపై మందు కొట్టించుచున్నారము. ఈ తొందరపాటు వలన నెందఱి నగలు తాకట్టునకు బోవుచున్నవో ఇల్లాండ్రకే తెలియును.

నా పుట్టినిల్లు జనగామ ప్రాంతము. నా భర్తగారి ఉపాధ్యాయోద్యోగము మహబూబాబాద్ జిల్లాలో. మా పెద్దాడుబిడ్డ భూపాలపల్లి దాపున మిరప సేద్యము చేయు నింటి కోడలు. 2016వ సంవత్సరమున వేర్వేఱు జిల్లాలుగా నేర్పడువఱకు ఈ మూడు పట్టణములును వరంగల్లు జిల్లాలోనివే. మిరపపైరు కలవారి సుఖదుఃఖములు నేటికిని ఒక్కటియే.

గడచిన మార్గశిరమున నేనా వదినెగారి యింటికి బోయితిని. ఆమె చేలోనికి దీసికొనిపోయి చూపినది. కొన్ని మొక్కల యాకులు క్రిందికి ముడుచుకొనియున్నవి. మఱికొన్నింటి మొవ్వులు నల్లబడి యెండినవి.

“ఇదేమి వదినె?” అంటిని.

“అంతయు బొబ్బతెగులేనట బిడ్డా! మందుల దుకాణమాయన చెప్పినాడు. మూడుమార్లు కొట్టించితిమి. నా గాజులు రెండును బ్యాంకున నున్నవి. నాలుగవ మందునకు అప్పు తేవలెనట” అని యామె కొంగుతో కన్నులొత్తుకొన్నది.

మా వారి ప్రోద్బలమున వ్యవసాయాధికారిని పిలిపించితిమి. ఆయన యాకులను త్రిప్పిచూచి, “క్రిందిముడత నల్లి వలన వచ్చినది, దానికి వేఱు మందు. పైముడత యైనచో తామరపురుగు పని యనుకొనవలెను. ఈ మొవ్వెండుటను మాత్రము కన్నుతో నిర్ణయింపరాదు. ప్రయోగశాలకు పంపుదము” అనెను. పంపిన యాకులలో మొవ్వుకుళ్లు తెగులు వైరస్ ఉన్నట్లు తేలినది. వైరస్ పట్టిన మొక్కను బాగుచేయు మందు లేదు. తెగులుమొక్కలను పెఱికి, గట్లమీది కలుపును దీసి, వైరస్‌ను మోయు తామరపురుగును అదుపున నుంచుటయే కర్తవ్యము. నాలుగవ మందు అప్పు తప్పినది.

ఆ ప్రయోగశాలలో జరుగునది యేమియని నాకు కుతూహలము కలిగి, చదివి తెలిసికొన్న సంగతులను ఇచట మనవి చేయుచున్నాను.

వైరస్ సాధారణ సూక్ష్మదర్శినికి సైతము కానరాదు. దానిని పట్టుటకు నెత్తురులోని యొక గుణమును శాస్త్రజ్ఞులు వినియోగించుకొనిరి. ప్రాణి శరీరమున పరాయి పదార్థము ప్రవేశించినచో దానికెదురుగా రక్తమున ప్రతిరక్షకములను పదార్థములు పుట్టును. తాళపుచెవి తన తాళమునకే పట్టునట్లు, ఆ ప్రతిరక్షకము తన శత్రువునే పట్టుకొనును. మొక్కలకు నెత్తురును లేదు, ప్రతిరక్షకములును లేవు. కావున కుందేలు సాయము గోరవలసివచ్చినది.

తెగులాకులను నూరి, రసము దీసి, మిక్కిలి వేగముగా దిరుగు యంత్రమున వేసి, మజ్జిగనుండి వెన్న దీసినట్లు వైరస్‌ను వేఱుచేయుదురు. దానిని కొన్ని వారములపాటు కుందేలునకు సూదిమందుగా నిత్తురు. మొక్కల వైరస్ కుందేలునకు జబ్బుచేయదు. కాని దాని రక్తమున ప్రతిరక్షకములు పుట్టును. పిదప కొంత నెత్తురు దీసి, గడ్డకట్టిన వెనుక తేఱిన సీరమును గ్రహింతురు. దీనిని వేయివంతులకు మించి పలుచన చేసియు వాడవచ్చును గనుక, ఒక్క కుందేలు సీరము వేలకొలది పరీక్షలకు వచ్చును.

ఇందొక చిక్కు గలదు. ఎంత శుభ్రపఱచినను, బియ్యమున మట్టిబెడ్డలు మిగిలినట్లు, వైరస్‌తో ఆకు పదార్థములు కొన్ని మిగులును. వానికిని ప్రతిరక్షకములు పుట్టును. అప్పుడు మంచి యాకును చూపినను “తెగులున్నది” అని పరీక్ష పలుకును! అందుచే సీరమున ఆరోగ్యవంతమైన యాకురసమును కలిపి, ఆ కల్తీ ప్రతిరక్షకములను ముందుగనే పట్టివేయుదురు. ప్రతి పరీక్షయందును తెలిసిన తెగులాకును, తెలిసిన మంచియాకును ప్రక్కప్రక్కన నుంచి సరిచూతురు.

పరీక్ష పేరు ఎలైసా. 1971లో స్వీడనున ఎంగ్వాల్, పెర్ల్‌మన్ అనువారు ఈ మార్గమును జూపిరి. 1977లో ఇంగ్లండున క్లార్క్, ఆడమ్స్ అనువారు మొక్కల వైరస్‌లకు దీని ననువుపఱచిరి. గుంతపొంగనముల పెనము వంటి, 96 గుంతలుగల చిన్న పళ్లెములో ముందు ప్రతిరక్షకములను పూయుదురు. ఆకురసము పోయుదురు. వైరస్ ఉన్నచో పట్టుబడును, తక్కినది కడిగివేయుదురు. ఎంజైము తగిలించిన ప్రతిరక్షకములను మరల పోసి, మరల కడుగుదురు. తుదకు రంగుమార్చు ద్రవమును పోయుదురు. రంగు మాఱిన గుంతలో వైరస్ ఉన్నట్లు.

హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ ఈ విద్యను మన మెట్టపైరులకు దెచ్చినది. అచటి సుదర్శన, డి.వి.ఆర్. రెడ్డి గారలు 1989లో ఖరీదైన ఎంజైమునకు మాఱుగా చౌకయైన పెనిసిలినేజును వాడు విధానమును ప్రకటించిరి. అది పెనిసిలినును విఱిచి ఆమ్లమును పుట్టించును. అందుచే నీలిద్రవము పసుపువన్నెకు మాఱును. పసుపునకు సున్నము తగిలిన నెఱ్ఱనై పారాణి యగుట మనమెఱిగినదే గదా! అందు క్షారము చేయు పనిని ఇందు ఆమ్లము చేయుచున్నది. యంత్రము లేకున్నను రంగును కంటితో జూచి తెలిసికొనవచ్చును.

పేరు తెలియుట వలన నేమి లాభమందురా? వేరుశనగ మొవ్వుకుళ్లును మొదట విదేశములందలి టొమాటో వైరస్ వలన వచ్చినదని తలచిరి. ప్రతిరక్షకములతో సరిచూడగా, అది వేఱు వైరస్ అని 1992 నాటికి తేలినది. 2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగను కాండముకుళ్లు తెగులు పాడుచేసెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినది. చూపునకు మొవ్వుకుళ్లును బోలియున్నను, దానికి మూలము పొగాకు చాఱల వైరస్. అది వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడినుండి తామరపురుగుల మూలమున వ్యాపించును. కావున ఆ కలుపును పూతకు ముందే పీకుట, చేని చుట్టును జొన్నగాని సజ్జగాని కొన్ని సాళ్లు వేయుట ముఖ్యమైన జాగ్రత్తలయ్యెను. వైరస్ వేఱైన కాపుదలయు వేఱే.

పరీక్ష సర్వరోగ నివారిణి కాదు. తెల్లదోమ మోయు బొబ్బతెగులు వైరస్‌లు ఒకదానినొకటి మిక్కిలి పోలియుండుటచే, వానిని విడదీయుటకు పి.సి.ఆర్. అను జన్యుపరీక్షయే మేలు. 2021-22లో మన మిరపతోటల పూతను రాల్చిన నల్లతామరపురుగు వంటి బెడదలో పురుగే నష్టకారి. ఏది యెక్కడ చెల్లునో తెలిసినవారి నడుగవలెను.

మనము చేయదగినదియు గలదు. జబ్బు క్రొత్తగా కనబడిన నాలుగైదు మొక్కల లేతయాకులను, ఒక మంచిమొక్క యాకును వేర్వేఱు సంచులలో నుంచి, తడి తగులనీయక, చల్లగానుంచి, మఱునాటికే వ్యవసాయాధికారికి గాని కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని చేర్పవలెను. విత్తిన తేదీ, కొట్టిన మందుల పేరులు చీటీపై వ్రాయవలెను. పొలమున ఎక్కువసేపు వంగి పనిచేయునది మనమే. జబ్బును మొదట చూచునదియు మనమే.

మా వదినె గాజులలో ఒకటి ఫాల్గుణమున ఇల్లు చేరినది. రెండవది నేటికిని బ్యాంకులోనే యున్నది. ఈ యేడు మొదటి ముడుత కనబడిననాడు ఆమె దుకాణమునకు పోక, నాకు ఫోను చేసి, “ఆకులు సంచిలో పెట్టితిని బిడ్డా, తమ్ముని పంపుము” అన్నది.