బరువును ఈడిస్తే బలం ఎలా వస్తుంది?

పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో తిరునాళ్లకో సంక్రాంతికో ఒంగోలు గిత్తలు బండ లాగడం చూసినవాళ్లకు ఈ వ్యాయామాన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. జిమ్‌లలో బండకు బదులు ఇనుప చట్రం ఉంటుంది. దాని మధ్యలో నిలువుగా ఒక కడ్డీ, ఆ కడ్డీకి తొడిగిన బరువు ప్లేట్లు, ముందు ఒక పట్టీ. దీన్ని స్లెడ్ అంటారు. పట్టీని నడుము బెల్టుకు తగిలించుకుని, చట్రాన్ని ఈడ్చుకుంటూ నడవాలి. అంతే పని. ఇంత సులువైనది బలాన్నీ దమ్మునూ ఒకేసారి ఎలా పెంచుతుందని చాలామందికి సందేహం వస్తుంది. ఆ సందేహాన్ని తీర్చుకుని మొదలుపెడితే ఎంత బరువు కట్టాలో, ఎప్పుడు ఆపాలో ఎవరినీ అడగాల్సిన అవసరం ఉండదు.

ఎత్తడానికీ ఈడ్చడానికీ తేడా ఏమిటి?

స్క్వాట్ చేసేటప్పుడు బరువుతో కిందికి దిగుతారు, మళ్లీ పైకి లేస్తారు. లేచేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం ఒకపక్క సాగుతూనే బరువును ఆపుతుంది. ఈ రెండో పనికి ఆయాసం తక్కువ. కానీ కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కి, మళ్లీ కాలినడకనే దిగి వచ్చినవారిని అడిగి చూడండి. ఎక్కుతున్నంతసేపూ రొప్పుతారు, దిగేటప్పుడు హాయిగా కబుర్లు చెప్పుకుంటారు. మర్నాడో మూడోనాడో తొడలు పట్టేసి, కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తుంది. ఆ నొప్పి ఎక్కువగా దిగడం వల్ల వచ్చినదే.

స్లెడ్‌లో దిగడమనేది లేదు. మీరు తోసిన ప్రతి అడుగులోనూ కండరం కుదించుకుంటూనే పనిచేస్తుంది. మీరు ఆగితే స్లెడ్ కూడా ఆగిపోతుంది. మీదికి వచ్చి పడదు, వెనక్కి లాగదు, ఆపుకోవాల్సిన పని ఉండదు. అందుకే ఊపిరి సలపనంతగా లాగినా మర్నాటికి ఒళ్లు తేలిగ్గానే ఉంటుంది. బరువైన స్క్వాట్లు చేసినవారు మళ్లీ చేయాలంటే రెండు మూడు రోజులు ఆగుతారు. మితమైన బరువుతో స్లెడ్ లాగినవారు వారంలో మూడు నాలుగు రోజులు కూడా లాగగలరు. బలం పెరగడానికి ఒక్క రోజు ఎంత కష్టపడ్డారన్న దానికంటే, నెలలో ఎన్నిసార్లు చేయగలిగారన్నదే ముఖ్యమని నేను నమ్ముతాను. స్లెడ్‌ మీద నాకున్న అభిమానమంతా ఇక్కడే ఉంది.

ఇది జిమ్‌లలోకి ఎలా వచ్చింది?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో వెస్ట్‌సైడ్ బార్‌బెల్ అనే పవర్‌లిఫ్టింగ్ జిమ్ నడిపిన లూయీ సిమన్స్ దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. ఫిన్లాండ్‌లో అంతమంది గొప్ప డెడ్‌లిఫ్టర్లు, అంటే నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా ఎత్తేవారు, ఎలా పుట్టుకొచ్చారని ఆయన ఆరా తీశాడు. వాళ్లలో చాలామంది అడవుల్లో చెట్లు కొట్టేవారనీ, కొట్టిన మానులను బాట దాకా చేతులతో ఈడ్చుకొచ్చేవారనీ తెలిసింది. మానుకు బదులు స్లెడ్ పెట్టి తన దగ్గర సాధన చేసేవారి చేత లాగించాడు. భారీ బరువుల రోజుకూ రోజుకూ మధ్య, నడుము మీద భారం పడకుండా కాళ్లకు పని దొరకడం అక్కడివారికి బాగా కలిసొచ్చింది. సిమన్స్ 2022లో చనిపోయాడు. ఈనాడు జిమ్‌లలో కనిపించే చాలా స్లెడ్‌ సాధనల్లో ఆయన చెప్పిన పద్ధతుల జాడ ఉంది.

స్లెడ్ మీద 60 కిలోలుంటే కాళ్లకు ఎంత తెలుస్తుంది?

అది నేలను బట్టి ఉంటుంది. ఎత్తే బరువు ఎక్కడైనా ఒకటే. ఈడ్చే బరువు అలా కాదు. నేలకూ చట్రానికీ మధ్య ఉండే ఘర్షణే మీరు లాగేది. స్లెడ్‌తో కలిపి బరువు 60 కిలోలనుకుందాం. నున్నటి నేల మీద ఘర్షణ గుణకం 0.3 అయితే 18 కిలోల లాగుడు సరిపోతుంది. గరుకు నేల మీద అది 0.6 అయితే 36 కిలోల లాగుడు కావాలి. బరువు అదే, పని రెట్టింపు.

2017లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొదలై, 2025లో ముంబైకి కూడా వచ్చిన హైరాక్స్ పోటీ దీనికి మంచి ఉదాహరణ. ఒక్కో కిలోమీటరు చొప్పున ఎనిమిదిసార్లు పరుగు, ప్రతి పరుగు తర్వాత ఒక కఠినమైన పని. వాటిలో ఒకటి 50 మీటర్లు స్లెడ్ తోయడం, ఇంకొకటి 50 మీటర్లు తాడుతో స్లెడ్‌ను తనవైపు లాక్కోవడం. పురుషుల ఓపెన్ విభాగంలో తోసే స్లెడ్ మొత్తం బరువు 152 కిలోలు, లాగేది 103 కిలోలు. 152 కిలోలను ఎత్తలేనివారు కూడా అక్కడ తోసేస్తారు. తమ జిమ్‌లో అంత బరువునూ సునాయాసంగా తోసినవారు పోటీ నాటి తివాచీ మీద కదిలించలేక నిలబడిపోవడం కూడా జరుగుతుంది.

కాబట్టి పక్క జిమ్‌లో స్నేహితుడు ఎన్ని ప్లేట్లు వేశాడో మీకు అనవసరం. ఖచ్చితంగా తెలుసుకోవాలనుకుంటే గ్యాస్ సిలిండర్లు తూచే స్ప్రింగ్ కాటాను పట్టీకీ స్లెడ్‌కూ మధ్య తగిలించి, నెమ్మదిగా లాగుతూ అంకె చూడండి. నిజంగా మీ కాళ్ల మీద పడేది ఆ అంకే. కదలని స్లెడ్‌ను కదిలించే క్షణంలో అంకె పైకి లేస్తుంది, కదిలాక కాస్త తగ్గి నిలబడుతుంది. ఆగి ఉన్నప్పటి ఘర్షణ కదులుతున్నప్పటి కంటే ఎక్కువ. ఇరవై మీటర్లలో నాలుగుసార్లు ఆగినవాడు, ఆగకుండా నడిచినవాడి కంటే ఎక్కువ అలసిపోవడానికి కారణం ఇదే.

ఎలా లాగాలి?

బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. పట్టీ రెండు మూడు మీటర్ల పొడవుండాలి. మరీ పొట్టిదైతే స్లెడ్ ముందు భాగం పైకి లేస్తుంది, మడమలకు తగులుతుంది కూడా. ముందుగా ఒక అడుగు వేసి పట్టీని బిగువుగా చేసుకోండి. ఆ తర్వాత ఒంటి బరువును ముందుకు వాల్చండి. వాలు చీలమండ దగ్గర మొదలవ్వాలి. మడమ నుంచి తల దాకా శరీరం ఒకే గీతలా ఉండాలి. నడుము దగ్గర విరిగితే లాగే బలం వెన్ను మీదికి మళ్లుతుంది. కొత్తవారు చేసే తప్పుల్లో ఇదే ఎక్కువ. దీని తర్వాతిది కుదుపుతో మొదలుపెట్టడం.

అడుగులు పొట్టిగా వేయండి. పాదం ముందు భాగంతో నేలను వెనక్కి తోయాలి. పిరుదులు, తొడ వెనక కండరాలు, పిక్కలు పనిచేస్తున్నట్టు మీకే తెలుస్తుంది. ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి లాగితే ఆ కాసేపట్లోనే రక్తపోటు బాగా పెరుగుతుంది. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, హెర్నియా ఉన్నవారు, ఈమధ్య ఆపరేషన్ జరిగినవారు డాక్టరుతో మాట్లాడాకే బెల్టు కట్టాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎడమ చేయి లాగడం లాంటివి కనిపిస్తే అక్కడితో ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఎంత బరువు, ఎంత దూరం?

బండలాగుడు పోటీల్లో గిత్తలను పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. పాలపళ్ల గిత్తకు సీనియర్ల బండ కట్టే రైతు ఉండడు. మనుషులు మాత్రం మొదటి రోజే ఉన్న ప్లేట్లన్నీ వేసేస్తారు.

మొదటి నెల స్లెడ్‌తో కలిపి మీ ఒంటి బరువులో నాలుగోవంతు చాలు. 70 కిలోల మనిషికి 17, 18 కిలోలు. దాన్ని 20 మీటర్లు ఆగకుండా లాగండి, శ్వాస కుదుటపడేదాకా నిలబడండి, మళ్లీ లాగండి. ఆరు నుంచి ఎనిమిది విడతలు, వారానికి రెండు రోజులు. చివరి విడత తర్వాత కూడా ఒక చిన్న వాక్యం మాట్లాడగలగాలి. అది సులువయ్యాక ముందు విడతలు పెంచండి, తర్వాత వారంలో రోజులు పెంచండి, ఆఖరికే బరువు పెంచండి.

అక్కణ్నుంచి దారి రెండుగా చీలుతుంది. కండరం తనలో నిల్వ ఉన్న శక్తితో గట్టిగా లాగగలిగేది దాదాపు పది సెకన్లు. ఆ నిల్వ తిరిగి నిండడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. బలం కావాలంటే భారీ బరువుతో 10 నుంచి 15 మీటర్లు లాగి, ఆ మూడు నిమిషాలూ ఓపిగ్గా నిలబడాలి. దమ్ము కావాలంటే తేలిక బరువుతో పది, పదిహేను నిమిషాలు ఆగకుండా నడవాలి. అప్పుడు పని దాదాపు అంతా ఆక్సిజన్ మీద నడుస్తుంది, గుండెకూ ఊపిరితిత్తులకూ శిక్షణ దొరుకుతుంది. ఈ రెంటికీ మధ్యలో, ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా సాగే లాగుడు అన్నిటికంటే బాధాకరం. తొడలు మండుతాయి, కడుపులో తిప్పుతుంది. పోటీలకు వెళ్లేవారికి అది అవసరమే. ఆరోగ్యం కోసం మొదలుపెట్టినవారికి నేను చెప్పేది నిదానపు దీర్ఘ నడక. అది విసుగనిపించినా ఎక్కువకాలం నిలిచే అలవాటు అదే.

వెనక్కి నడుస్తూ లాగడం ఎందుకు?

స్లెడ్‌కు ఎదురుగా తిరిగి, పట్టీని రెండు చేతులతో పట్టుకుని, కాస్త కూర్చున్నట్టుగా వాలి వెనక్కి అడుగులేస్తే పని ఎక్కువగా తొడ ముందు కండరానికి మారుతుంది. వేళ్లు ముందు ఆని, తర్వాత మడమ ఆనుతుంది. మోకాలు ప్రతి అడుగులోనూ చాచుకుంటూ బలం ఇస్తుంది. ఇందులోనూ దిగే భాగం ఉండదు కనుక, స్క్వాట్ చేస్తే మోకాలిచిప్ప దగ్గర నొప్పి వచ్చేవారిలో చాలామంది దీన్ని హాయిగా చేయగలరు. అయితే మోకాలు వాచి ఉన్నా, నడుస్తూ ఉండగా పట్టు తప్పుతున్నా ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. వెనక చూడలేరు కాబట్టి దారి ఖాళీగా ఉందో లేదో చూసుకోండి, లేదా ఒక మనిషిని తోడు పెట్టుకోండి.

పరుగెత్తేవారికి ఎంత బరువు?

పరుగు వేగం 10 శాతానికి మించి తగ్గేంత బరువు కట్టకూడదని కోచ్‌లు చాలాకాలం చెప్పేవారు, పరుగు తీరు చెడుతుందన్న భయంతో. 2017లో మాట్ క్రాస్, జాన్ బెన్వా మోరాన్ తదితరులు ప్రచురించిన కొలతలు వేరే కథ చెప్పాయి. పరుగులో శక్తి అంటే బలాన్ని వేగంతో హెచ్చించినది. బలం పెరిగేకొద్దీ వేగం సమంగా తగ్గుతూ పోతుంది కనుక ఆ హెచ్చింపు గరిష్ఠమయ్యేది వేగం సగానికి తగ్గినచోట. వాళ్లు కొలిచిన నేల మీద, ఆ బరువు అథ్లెట్ ఒంటి బరువులో సగటున 80 శాతం దగ్గర తేలింది. పరుగు మొదటి 10, 20 మీటర్ల విసురు పెంచుకోవాలనుకునే కబడ్డీ ఆటగాడికో ఫాస్ట్ బౌలర్‌కో ఇలాంటి భారీ లాగుడు పనికొస్తుంది. పూర్తి వేగాన్ని మాత్రం ఏ బరువూ లేకుండా పరుగెత్తే నేర్చుకోవాలి.

దీనితో రానిది ఏమిటి?

దిగే భాగం లేకపోవడం వరమని చెప్పాను. లోటు కూడా అక్కడే ఉంది. మెట్లు దిగేటప్పుడు మోకాలిని ఆపేది, జారినప్పుడు పడకుండా నిలబెట్టేది సాగుతూ పనిచేసే బలమే. దాన్ని స్లెడ్ ఇవ్వదు. స్లెడ్ లాగుడులో తుంటి, మోకాలు పూర్తిగా వంగవు కూడా. అందుకే వారంలో రెండు రోజులు కుర్చీలో నెమ్మదిగా కూర్చుని లేవడం, మెట్టు మీద నుంచి ఒక్కో కాలితో నిదానంగా దిగడం లాంటివి కొన్ని కలుపుకోవాలి. అరవై దాటినవారికి వీటి అవసరం ఇంకా ఎక్కువ.

స్లెడ్ లేకపోతే?

పాత టైరు చాలు. చిన్న కారు టైరు ఏడెనిమిది కిలోలుంటుంది, దాని మధ్యలో ఇసుక మూట పెడితే బరువు మీ చేతిలో ఉంటుంది. లారీ టైరు ఒక్కటే సుమారు 50 కిలోలు, మొదటి నెలకు అది వద్దు. టైరు నడిచే భాగానికి ఒక రంధ్రం చేసి, కొక్కెం ఉన్న బోల్టు బిగించి, లోపలివైపు వెడల్పాటి వాషర్ వేయండి, లేకపోతే బోల్టు రబ్బరును చీల్చుకుని ఊడి వస్తుంది. తాడును నేరుగా పొట్టకు కట్టుకోకండి, వెడల్పాటి బెల్టుకే కట్టండి. తారు రోడ్డు మీద కాకుండా మట్టి మైదానంలో, వేసవిలో అయితే ఎండ ముదరకముందే లాగండి. టైరు కింది వైపు నాలుగైదు రంధ్రాలు పెట్టి, వాడాక వాన పడనిచోట నీడలో ఉంచండి. వానాకాలంలో టైరులో నీళ్లు నిలిస్తే అక్కడ డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.