రాక్స్‌బరీ లాటిన్: ఇండ్లు వాకిళ్ళు పూచీగా నిలిచిన బడి

1645వ సంవత్సరపు ఆగస్టు నెల చివర, అమెరికా తూర్పు తీరమున బోస్టనును ఆనుకొనియున్న రాక్స్‌బరీ అను పల్లెలో గృహస్థులు పలువురు కూడి ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. ఆ పల్లె వెలసి అప్పటికి పట్టుమని పదునైదేండ్లు. చలికాలమునకు కట్టెలు, తిండిగింజలు సమకూర్చుకొనుటయే గగనమైన ఆ దినములలో, తమ బిడ్డలకు లాటిను చెప్పు బడి యొకటి కావలెనని వారు తలంచిరి. ఉపాధ్యాయునికి ఏటేట 20 పౌనుల జీతము ముట్టునట్లు ఆ మొత్తమును తమ యిండ్లమీదను, కొట్టములమీదను, పండ్లతోటలమీదను శాశ్వతభారముగా నిలిపిరి. చందా వేయుట వేఱు, ఆస్తిని పూచీ పెట్టుట వేఱు. చందాదారుడు మఱుసటి యేట మనసు మార్చుకొనవచ్చును. ఇల్లు పూచీ పెట్టినవాడు తాను తప్పుకొనలేడు, తన తరువాత ఆ యింటి కధిపతి యగువానిని తప్పించనులేడు. అట్లు పుట్టిన పాఠశాలయే నేటి రాక్స్‌బరీ లాటిన్ స్కూలు. దీనికంటె పదేండ్లు ముందు పుట్టిన బోస్టను లాటిన్ పాఠశాల స్వాతంత్ర్య యుద్ధారంభమున కొన్నాళ్ళు మూతపడెను గనుక, ఉత్తర అమెరికాలో ఎడతెగక నడచిన పాఠశాలలలో తమదే మొదటిదని రాక్స్‌బరీవారు చెప్పుకొందురు.

ఆ ఒడంబడికకు ప్రేరకుడు జాన్ ఎలియట్ అను మతాచార్యుడు. ఇంగ్లండులో 1604లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, 1631లో ఓడ దిగి, మఱుసటి యేటినుండి తన తుదిశ్వాసవఱకు రాక్స్‌బరీ దేవాలయమునే అంటిపెట్టుకొని యుండినవాడు. పరాయి భాష నేర్చి దానికి నిఘంటువులు, వ్యాకరణములు కూర్చిన దొరలను మన మెఱుగుదుము గదా; ఎలియట్ ఆ కోవకు ముందుతరమువాడు. యుద్ధమున చెఱపట్టబడిన కాకెనో అను ఆదివాసి యువకుని సాయముతో ఆ తీరపు మసాచుసెట్ భాష నభ్యసించి, మఱికొందఱు ఆదివాసుల తోడ్పాటుతో బైబిలునంతయు ఆ భాషలోనికి తెచ్చి, 1663లో అచ్చొత్తించెను. అమెరికా ఖండమున ముద్రితమైన మొదటి బైబిలు అదియే. ఇంగ్లీషు బైబిలు అచట అచ్చుపడుటకు ఇంకను నూఱేండ్లకు పైగా పట్టినది! ముద్రణాలయమున అక్షరములు కూర్చినవారిలో జేమ్స్ ప్రింటర్ అను ఆదివాసి యొకడు. వృత్తియే అతనికి ఇంటిపేరైనది.

ఎలియట్ జీవితమున వెలుగు నీడలు రెండును గలవు. తన మతము పుచ్చుకొన్న ఆదివాసులను వారి ఊళ్ళనుండి, వారి ఆచారములనుండి వేఱుపఱచి ప్రత్యేక గ్రామములలో నిలిపిన కార్యము నేటి దృష్టికి దోషరహితముగా తోచదు. కాని 1675లో యుద్ధము చెలరేగి, తెల్లవారు పట్టుబడిన ఆదివాసులను బానిసలుగా ఓడలకెక్కించి అమ్మజూచినపుడు, అది తగదని పాలకమండలికి విన్నపము పంపినవాడు ఈ ముదుసలియే. ఆ విన్నపము ఫలింపలేదు. ఆ శీతకాలమున మతము మార్చుకొన్నవారినిసైతము అనుమానించి డీర్ దీవికి తరలింపగా, ఆకలిచేతను చలిచేతను అనేకులు మరణించిరి. నేటి పాఠశాల తన స్థాపకుని స్మరించునపుడు ఈ యధ్యాయమును దాటవేయరాదని నా యభిప్రాయము.

స్థాపకుని తరువాత బడిని బ్రతికించినది భూమి. ఒకప్పుడు రాక్స్‌బరీలో కాపురముండి ఇంగ్లండునకు మరలిపోయిన థామస్ బెల్ అను నతడు 1671 ప్రాంతమున తన వీలునామాలో అచటి తన భూములను పాఠశాలకు వ్రాసియిచ్చెను. ఆ భూముల కౌలుసొమ్ము తరతరములు ఉపాధ్యాయుని జీతమునకు ఆధారమైనది. బెంచీలకు, పుస్తకములకు కటకట యుండుగాక, గురువునకు భుక్తి తప్పలేదు. ఆ గురువులలో ఒకడు జోసెఫ్ వారెన్. ఆ ఊరిలోనే 1741లో పుట్టి, ఆ బడిలోనే చదివి, హార్వర్డున పట్టము పొంది, వచ్చి కొంతకాలము ఆ బడిపిల్లలకే పాఠములు చెప్పెను. అటుపిమ్మట వైద్యుడై, విప్లవనాయకుడై, 1775 ఏప్రిల్ 18 రాత్రి ఆంగ్లసైన్యము కదలుచున్నదని హెచ్చరించుటకు పాల్ రివీర్‌ను గుఱ్ఱముపై పంపి, రెండు నెలలకు బంకర్ హిల్ యుద్ధమున నేలకొఱిగెను. అప్పటికతని వయస్సు 34.

అమెరికాలో 'ప్రెప్ స్కూలు' అనగానే మనకు స్ఫురించునది ఆండోవర్, ఎక్సెటర్ వంటి వసతి పాఠశాలలు. రాక్స్‌బరీ లాటిన్ అట్టిది కాదు, డే స్కూలు. ఉన్నత విద్యాపీఠములలో ప్రవేశమునకు బాలురను సన్నద్ధులను జేయుటయే రెంటి లక్ష్యము. కాని వసతి పాఠశాల బాలుని తల్లిదండ్రులయొద్దనుండి పుచ్చుకొని తానే యిల్లుగా మారును, డే స్కూలు సాయంకాలమునకు వానిని మరల ఇంటికి పంపివేయును. రాక్స్‌బరీ 1868లో బోస్టను మహానగరమున కలసిపోయెను. పాఠశాల 1927లో పడమటి రాక్స్‌బరీలోని విశాలస్థలమునకు తరలెను. అయినను వసతిగృహములు కట్టి దేశము నలుమూలలనుండి సంపన్నుల బిడ్డలను రప్పించుకొను మార్గమును త్రొక్కలేదు. నేటికిని అచట చదువువారు ఇంచుమించు 300 మంది బాలురు మాత్రమే. ఇంటర్మీడియేటు రాగానే పిల్లలను హాస్టలు గదులలో మూసి, ఆదివారమునాడైనను అమ్మచేతి ముద్ద దొరకనీయక, ర్యాంకులకై వేకువనుండి అర్ధరాత్రివఱకు రుబ్బించు పద్ధతిని విజయవాడలోను హైదరాబాదులోను చూచి చూచి విసిగిన నా కన్నులకు, పోటీలో ఎవరికిని తీసిపోని బడి యొకటి ప్రతి సాయంకాలమును పిల్లవానిని ఇంటికి పంపుచునే మూడున్నఱ శతాబ్దములకు పైగా నడచుట ఎంతయు ఊఱట గలిగించుచున్నది.

ఆ బడిలో తరగతుల లెక్క తలక్రిందులు. మన ఏడవ తరగతి యీడున చేరిన బాలుడు అచట ఆరవ వర్గపువాడు; ఏటేట ఒక్కొక్క సంఖ్య తగ్గించుకొనుచు పోయి, పండ్రెండవ తరగతికి ఒకటవ వర్గమున నిలుచును. క్రొత్తగా చేరిన ఆ చిన్నవారిని అందఱును 'సిక్సీ'లని ముద్దుగా పిలుతురు. మెడకు టై, ఒంటికి కోటు, వీపున పుస్తకముల సంచి, ఇంకను బొంగురుపోని గొంతు: ఇదీ సిక్సీ రూపము. ఉదయమున పాఠశాలయంతయు ఒక మందిరమున చేరి ప్రధానోపాధ్యాయుని మాటనో, అతిథి ప్రసంగమునో, తోటి విద్యార్థి సంగీతమునో ఆలకించును. ఈ చిన్నపిల్లలును, రేపో మాపో కళాశాలకు పోనున్న పెద్దవారును ఒకే కప్పు క్రింద కూర్చుండి ఒకే మాట వినుటలో ఎంతో మేలున్నదని నేను నమ్ముదును. ప్రధానోపాధ్యాయుడు ప్రతివానిని పేరుపెట్టి పిలువగలిగినంతవఱకే బడి పెద్దదిగా నుండవలెను. ఎఫ్. వాషింగ్టన్ జార్విస్ అను పాదిరి 1974 మొదలు 2004 వఱకు ముప్పదియేండ్లు ఆ పీఠమున నుండి, జీవితపు కష్టములు, మరణము, సత్ప్రవర్తన మున్నగు విషయములను పిల్లలకు దాపఱికము లేక చెప్పుచుండెడివాడు. ఆ ప్రసంగములు తరువాత పుస్తకముగా వెలువడినవి. మార్కులకంటె ముందు మనిషి యని ఆయన పట్టినపట్టు.

లాటిను నేటికిని ఆ బడికి ప్రాణము. 1867 మొదలు నలువదియేండ్లు ప్రధానోపాధ్యాయుడుగా నున్న విలియం కో కాలర్, డానియల్ అను పండితునితో గూడి రచించిన ప్రథమ లాటిను వాచకము ఆ కాలమున అమెరికాలోని బడులనేకములలో పాఠ్యపుస్తకమైనది. మన తాతలు శబ్దమంజరిని, అమరమును కంఠస్థము చేసినట్లే అచటి బాలురును విభక్తులను, లకారములను వల్లెవేయుదురు. ఏటేట మార్చి 4వ తేదీన ఒక వాక్పోటీ జరుగును. బాలురొక్కొక్కరే వేదికయెక్కి, కాగితము చేతబట్టక, ప్రాచీన లాటిను గ్రీకు గ్రంథములలోని భాగములను అభినయపూర్వకముగా వినిపింతురు. సభలో నెవ్వరికిని మాతృభాష కాని ఆ వాక్యములకు అందఱును నవ్వుదురు, చప్పట్లు చఱతురు. అవధానములకు పోయి అర్థము సగమే తెలిసినను ధారకు మురిసిపోయిన మన శ్రోతలకు ఆ యానందమేమియో వివరింప బనిలేదు. మధ్యాహ్నము తరువాత ఆటలు: ఫుట్‌బాలు, మల్లయుద్ధము, మంచుపై హాకీ, ఎవరి ఋతువున వారిది. పాటగాండ్రకు గ్లీ క్లబ్బు, వ్రాతగాండ్రకు 'ట్రైపాడ్' అను పత్రిక. తుదకు రైలో బస్సో పట్టుకొని, బోస్టను చుట్టుపట్లనున్న ఊళ్ళకు, ఎవరి యింటికి వారు.

ఆ పాఠశాల ముద్రపైనున్న లాటిను సూక్తికి, గతించినవారు జీవించియున్నవారికి బోధింతురని యర్థము. పూర్వకవులను, శాస్త్రకారులను ఉద్దేశించి చెప్పిన మాట యని ఎవరును అనుకొందురు. కాని కొన్నేండ్లుగా అచటి పెద్ద తరగతి బాలురు చేయుచున్న పని యొకటి ఆ మాటకు వేఱొక బలము గూర్చినది. బోస్టను నగరమున బంధువులెవ్వరును లేక, ఇల్లు లేక, మరణించిన అనాథలుందురు. అట్టివారిని సమాధి చేయు దినమున ఈ బాలురు ఆఱుగురు కోటు టై ధరించి ఫెయిర్‌వ్యూ శ్మశానమునకు పోయి, శవపేటికను భుజబలముతో మోసి, గోతియొద్ద నిలిచి, ప్రార్థనయో పద్యమో చదివి, ఏ పరిచయమును లేని ఆ మనుష్యునికి ఆప్తులవలె వీడుకోలు చెప్పుదురు. చనిపోయినవారి పేరు తప్ప మఱేమియు వారికి తెలియదు. నలుగురు మోయువారు లేని చావు వలదని మొక్కుకొను జాతి మనది. పదునేడేండ్ల కుఱ్ఱవాడు ఎవరో ముక్కు మొగము తెలియనివానికై ఆ నలుగురిలో ఒకడగుట యెంతటి విద్యయో మనకు ఎవరును చెప్పనక్కఱలేదు. ఈ కార్యక్రమమునకు దారి చూపినది క్లీవ్‌లాండు నగరములోని సెయింట్ ఇగ్నేషియస్ పాఠశాల; మంచి పనిని మఱియొక బడినుండి నేర్చుకొనుటకు రాక్స్‌బరీవారు సంకోచింపలేదు.

ఇక ధనము మాట. ప్రైవేటు బడి యనగా ధనికుల బడియే యను తలంపు అమెరికాలోనైనను మన దేశములోనైనను తప్పుగాదు. రాక్స్‌బరీ లాటిన్‌వారు చిరకాలముగా రెండు నియమములను పాటించుచున్నారు: తమతో సమానమైన బడులకంటె ఫీజు తక్కువగా నుంచుట ఒకటి, ప్రవేశనిర్ణయము చేయునపుడు తండ్రి యాదాయము విచారింపకుండుట రెండవది. పిల్లవాడు ఎంపికైన పిమ్మటనే ఆ కుటుంబము ఎంత ఇచ్చుకొనగలదో చూచి, తక్కినది పాఠశాలయే భరించును. పూర్వవిద్యార్థుల విరాళములు లేనిదే ఇది సాగదు. ఆ నియమములను నేను మనసార మెచ్చుకొందును. ఒక్క లోపమునుమాత్రము చెప్పక తీరదు: అది ఇంకను బాలుర బడియే. ఊరి బిడ్డల మేలుకోరి పుట్టిన విద్యాలయము ఆ బిడ్డలలో సగముమందిని వెలుపలనే యుంచుట నాకు సమ్మతము కాదు. చిన్న బడిగా మిగులుటకు అది యొక్కటే మార్గమని నేను నమ్మను.

ఆ బడి పూర్వవిద్యార్థులలో జేమ్స్ బ్రయంట్ కోనాంట్ కథ మన యిండ్లవఱకు వచ్చినది. ముద్రణకు చిత్రఫలకములు సిద్ధము చేయు వృత్తిలోని తండ్రికి 1893లో జన్మించిన ఈ బాలుడు రాక్స్‌బరీ లాటిన్‌లో చేరి 1910లో చదువు ముగించెను. తరువాత రసాయన శాస్త్రాచార్యుడై, 1933లో హార్వర్డు అధ్యక్షుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అణ్వస్త్ర నిర్మాణపు పర్యవేక్షకులలో నొకడగుట అతని జీవితములోని మఱియొక, కష్టతరమైన, అధ్యాయము. అధ్యక్షుడు కాగానే అతడు తలపెట్టిన కార్యము, పేరుమోసిన బడుల పరిధికి ఆవల, దూరపు రాష్ట్రముల చిన్న ఊళ్ళలో నున్న ప్రతిభావంతులకు హార్వర్డు తలుపులు తెఱచుట. 1934 నుండి వారికి జాతీయ ఉపకార వేతనములు నెలకొల్పి, ఎంపికకు అప్పటికి కొలదియేండ్ల క్రిందట పుట్టిన సాట్ పరీక్షను కొలబద్దగా స్వీకరించెను. ఆ పరీక్ష దేశమంతట వ్యాపించుటకు అతని పలుకుబడి ముఖ్యకారణమైనది. నేడు అమెరికాలో డిగ్రీ చదువ గోరి హైదరాబాదులోను విశాఖలోను మన పిల్లలు కుస్తీ పట్టుచున్నది ఆ సాట్‌తోనే.

అయితే కోనాంట్‌ను కోనాంటుగా చేసినది పరీక్ష కాదు. రాక్స్‌బరీ లాటిన్‌లో ఎన్. హెన్రీ బ్లాక్ అను విజ్ఞాన శాస్త్రోపాధ్యాయుడు ఈ కుఱ్ఱవానికి రసాయనముపై గల మక్కువను పసిగట్టి, తరగతికి మించిన పాఠములు తానై చెప్పి, ప్రయోగములు చేయించి, హార్వర్డులో మొదటి సంవత్సరపు రసాయనమును దాటి పై తరగతిలో కూర్చుండునంతటి సిద్ధి కలిగించెను. శిష్యుడు నాలుగేండ్ల పట్టమును మూడేండ్లలో పూర్తిచేసెను. 1920లో న్యూయార్కు మాక్మిలన్‌వారు హైస్కూలు విద్యార్థులకై ఒక రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకమును ప్రకటించిరి. దాని ముఖపత్రముపై రచయితల పేర్లు రెండు: మొదటిది బ్లాక్, రెండవది కోనాంట్.