అయిదే గెలుపులు.. మరుసటి ఏడాది ఫైనల్!

ఆక్లాండ్: ఇక్కడి తెలుగువాళ్లు బతుకమ్మ, దసరా సన్నాహాల్లో ఉండే రోజుల్లోనే సిటీ సెంటర్‌లో బాస్కెట్‌బాల్ సందడీ మొదలవుతుంది. బ్రిటోమార్ట్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోని స్పార్క్ అరీనా న్యూజిలాండ్ బ్రేకర్స్‌కు సొంతగడ్డ. పెద్దలకు క్రికెటే లోకమైనా, బడిలో ఈ ఆట అలవాటైన పిల్లలు ఊరుకుంటారా!

2003లో ఆస్ట్రేలియా నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో చేరిన బ్రేకర్స్‌కు ఓ చిక్కుంది. ఇప్పుడా లీగ్‌లో ఆస్ట్రేలియా బయటి జట్టు ఇదొక్కటే. ప్రత్యర్థి గడ్డపై ఆడాలంటే ప్రతిసారీ టాస్మన్ సముద్రం దాటాల్సిందే. పెర్త్‌కైతే విమానంలో సుమారు ఏడు గంటలు. విదేశీ ఆటగాళ్లు తరచూ మారతారు. కొత్తవాళ్లు కుదురుకోకముందే బయటి మ్యాచ్‌లు వరుసగా పడితే ఆరంభంలోనే తడబాటు తప్పదు.

2011, 2012, 2013ల్లో వరుసగా, మళ్లీ 2015లో విజేతగా నిలిచిన జట్టిది. అలాంటిది 2021-22లో కొవిడ్ ఆంక్షలతో ఇంటికి దూరమై, ఆస్ట్రేలియాలోనే మకాం వేయాల్సి వచ్చింది. 28 మ్యాచ్‌ల్లో గెలిచింది అయిదే, స్థానం అట్టడుగు. మరుసటి సీజన్‌లో కోచ్ మోడీ మావోర్ సారథ్యంలో 18 గెలుపులతో రెండో స్థానానికి ఎగబాకింది. ఫైనల్ సిరీస్‌ను అయిదో మ్యాచ్ దాకా లాగి, సిడ్నీ కింగ్స్‌కు తలవంచింది.

నాలుగు టైటిళ్లూ, ఆ అట్టడుగు ఏడాదీ చూసిన టామ్ అబర్‌క్రాంబీ 2024లో రిటైరయ్యాడు. క్లబ్ మారకుండా!