డెన్మార్క్ జమీందారీ భవనాలు: భూమి చేతులు మారినా కోటలు ఎలా నిలిచాయి?

డెన్మార్క్‌లోని ఫ్యూన్ ద్వీపంలో ఒక చిన్న సరస్సు మధ్య ఎర్ర ఇటుకల కోట ఉంది. నీటి అడుగున పాతిన ఓక్ దుంగలే దానికి పునాది. 1554లో పూర్తయిన ఆ కోట పేరు ఎగెస్కోవ్. డేనిష్ భాషలో ఆ మాటకు ఓక్ అడవి అని అర్థం. నేడు పర్యాటకులు టికెట్టు కొని అందులోని గదులను, తోటలను చూసి వెళతారు. అయినా అది ప్రభుత్వ ఆస్తి కాదు, ఒక ప్రభు వంశపు సొంత ఇల్లు. సమానత్వానికి పేరుపడిన దేశంలో ఇలాంటి భవనాలు వందల సంఖ్యలో ఎలా మిగిలాయన్న ప్రశ్నకు సమాధానం సుమారు నాలుగు శతాబ్దాల భూచరిత్రలో ఉంది. అక్కడ జమీందారీ అధికారం విప్లవంతో కూలలేదు. చట్టాల ద్వారా ఒక్కో మెట్టుగా తొలగిపోయింది. ఆ నిదానానికి మూల్యం చెల్లించింది మాత్రం భూమి లేని పేదలు.

ప్రభువుల ప్రత్యేక హక్కు

డెన్మార్క్‌లో ప్రభువుల భవనాన్ని, దానికి చెందిన భూములను కలిపి ‘హెర్రెగోర్’ అంటారు. 1536లో మతసంస్కరణ జరిగినప్పుడు, అంతవరకు దేశ భూమిలో సుమారు మూడో వంతు కలిగిన చర్చి ఆస్తులను రాజు మూడో క్రిస్టియన్ స్వాధీనం చేసుకున్నాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ప్రభు వంశాలకు స్వర్ణయుగం. పన్ను లేని ఇలాంటి ఎస్టేట్లను కలిగి ఉండే హక్కు వారికే ఉండేది.

స్వీడన్‌తో జరిగిన యుద్ధాలు ఈ స్థితిని మార్చాయి. 1660లో మూడో ఫ్రెడెరిక్ నిరంకుశ రాజరికాన్ని స్థాపించాడు. ఖజానా ఖాళీ కావడంతో రుణదాతలకు బాకీల కింద రాజభూములను అప్పగించాల్సి వచ్చింది. ప్రభు వంశంలో పుట్టనివారు కూడా ఎస్టేట్లు కొనేందుకు వీలు కలిగింది. 1671లో ఐదో క్రిస్టియన్ కౌంట్, బారన్ అనే కొత్త హోదాలు ప్రవేశపెట్టాడు. ఈ హోదాతో కూడిన ఎస్టేటును అమ్మరాదు, పంచరాదు. అది చీలకుండా ఒకే వారసుడికి దక్కాలి. పెద్ద ఎస్టేట్లు తరతరాలుగా ముక్కలు కాకుండా నిలవడానికి ఈ నిబంధనే ప్రధాన కారణం.

సముద్రాలు దాటి వచ్చిన సొమ్ము

18వ శతాబ్దంలో ఈ భవనాల్లోకి వ్యాపారుల ధనం ప్రవేశించింది. జట్లాండ్‌లోని లిండెన్‌బోర్గ్ ఎస్టేటును 1762లో కొన్న హైన్‌రిక్ కార్ల్ షిమ్మెల్‌మన్, కరీబియన్ దీవుల్లో బానిసల శ్రమతో నడిచే చెరకు తోటలకు యజమాని. భారతదేశానికీ ఈ కథలో చోటుంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడి 1620 నుంచి 1845 వరకు డేనిష్ స్థావరం. ఆసియా వాణిజ్యంలో ఎదిగిన కోపెన్‌హేగెన్ వర్తకుడు నీల్స్ రూబెర్గ్, జట్లాండ్‌లో జమీందారుకు కట్టుబడిన రైతు కుటుంబంలో పుట్టి, చివరకు తానే ఎస్టేట్లు కొన్నాడు.

కట్టుబడిన రైతులు

రూబెర్గ్ దాటివచ్చిన ఆ కట్టుబాటు లక్షలాది మందికి తప్పలేదు. కౌలురైతులు జమీందారు పొలాల్లో కూలి లేకుండా పనిచేయాలి. వారి నుంచి పన్ను వసూలు చేసే బాధ్యత, సైన్యానికి మనుషులను ఎంపిక చేసే అధికారం జమీందారువే. 1733లో వచ్చిన ‘స్తౌన్స్‌బోన్’ అనే చట్టం రైతు కుటుంబాల పురుషులు పుట్టిన ఎస్టేటును విడిచి వెళ్లకుండా నిషేధించింది. మొదట 14 నుంచి 36 ఏళ్ల వారికి వర్తించిన ఈ ఆంక్షను 1764 నాటికి 4 నుంచి 40 ఏళ్ల వరకు విస్తరించారు. నాలుగేళ్ల బాలుడు కూడా ఎస్టేటుకు బందీ అయ్యాడు.

1788 జూన్ 20న ఈ బంధనం రద్దయింది. 14 ఏళ్ల లోపు, 36 ఏళ్లు దాటిన వారికి వెంటనే, మిగిలిన వారందరికీ 1800 నాటికి విముక్తి లభించింది. సంస్కరణకు నడుంకట్టిన క్రిస్టియన్ డిట్లెవ్ రెవెంట్లౌ స్వయంగా పెద్ద జమీందారు. ఆ ఘట్టానికి గుర్తుగా కట్టిన స్వేచ్ఛా స్తంభం కోపెన్‌హేగెన్‌లో నేటికీ ఉంది. తర్వాతి దశాబ్దాల్లో చాలామంది కౌలురైతులు ప్రభుత్వ రుణాలతో సొంత భూమి సంపాదించుకున్నారు.

అయితే ఇల్లు, కాస్తంత పెరడు మాత్రమే ఉన్న కూలీ కుటుంబాలకు ఈ సంస్కరణలు చేరలేదు. రైతులు వదిలిన వెట్టి భారం చాలాచోట్ల వారిపైనే పడింది.

1919 చట్టం

1849 రాజ్యాంగం ప్రభు వంశాల ప్రత్యేక హక్కులను రద్దు చేసింది. విభజించరాని ఎస్టేట్లను కొత్తగా ఏర్పరచడాన్ని నిషేధించింది. పాతవాటిని మామూలు ఆస్తిగా మార్చాలని పేర్కొన్నా, ఆ మాట అమలు కావడానికి 70 ఏళ్లు పట్టింది.

1919 అక్టోబరులో వచ్చిన చట్టం జమీందార్ల ముందు ఒక లెక్క ఉంచింది. ఎస్టేటు పూర్తి స్వంతం కావాలంటే దాని విలువలో నాలుగో వంతు వరకు ప్రభుత్వానికి చెల్లించాలి. భూమిలో మూడో వంతు వరకు పరిహారం తీసుకుని వదులుకోవాలి. అలా వచ్చిన భూమిని చిన్న కమతాలుగా విభజించి పేద కుటుంబాలకు ఇచ్చారు. వారు భూమికి ధర చెల్లించనక్కరలేదు. దాని విలువను బట్టి ఏటా ప్రభుత్వానికి శిస్తు కడితే చాలు. 1788 నాటి సంస్కరణలు విస్మరించిన వర్గానికి 131 ఏళ్ల తర్వాత భూమి దక్కింది.

నేటి యజమానులు

ఈ భారం కొన్ని వంశాలు మోయలేకపోయాయి. జట్లాండ్‌లోని గమ్మెల్ ఎస్త్రుప్ భవనం 1930లో మ్యూజియంగా మారింది. జీలాండ్‌లోని బ్రెగెంట్‌వెడ్ మాత్రం 1746 నుంచి మోల్ట్‌కె వంశం చేతుల్లోనే ఉంది. అవివాహిత ప్రభు స్త్రీల కోసం ఒక రాణి 1737లో నెలకొల్పిన వాల్లో సంస్థ ఇప్పటికీ తన కోటను, భూములను నిర్వహిస్తోంది. లోలాండ్ ద్వీపంలోని క్నుథెన్‌బోర్గ్ ఉద్యానంలో 1969 నుంచి వన్యప్రాణుల సఫారీ నడుస్తోంది.

రక్షిత కట్టడాలుగా గుర్తించిన భవనాల్లో అనుమతి లేకుండా లోపలి గోడను కూడా మార్చరాదు. కౌంట్, బారన్ బిరుదులు పేర్లలో మిగిలాయి గానీ వాటి వెంట ఏ హక్కూ లేదు. ఒకప్పుడు రైతుల వెట్టితో నిలిచిన పైకప్పులకు నేడు సేద్యం, అడవులు, సందర్శకుల టికెట్ల ఆదాయమే ఆధారం.