అయిదో తరగతిలో అయిదు తరగతులు

నందిగామ మెట్టలో మిరప కోతలు మొదలయ్యాయంటే వీరులపాడు చుట్టుపక్కల బడుల్లో బెంచీలు పలచబడతాయి. అమ్మ కోతకు పోతే చంటివాణ్ణి ఎత్తుకునేది పెద్దపిల్లే. నెల తర్వాత ఆ పిల్ల బడికొచ్చేసరికి తీసివేతలు అయిపోయి భాగహారాలు నడుస్తుంటాయి. ఇక ఏడాదంతా ఆమె చేసేది బోర్డు చూసి ఎక్కించుకోవడమే.

గుమ్మం మీద అయిదో తరగతి అనే రాసి ఉంటుంది. లోపల ఒకరు పేపరు గడగడా చదువుతారు, ఒకరు ఒత్తు దగ్గర తడబడతారు, ఇంకొకరికి గుణింతమే తేలదు. ఇది మాస్టారికి తెలియక కాదు. సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని పైవాళ్లు అడుగుతారు గానీ, ఆ మూడోవాడు ఎక్కడిదాకా వచ్చాడని అడగరు.

ఒక్కో పిల్లకు ఒక్కో ప్రణాళిక అనగానే మనకు కంప్యూటరే గుర్తొస్తోంది. కానీ ఆ పని అట్టముక్కలతో చేసినవాళ్లు మన మదనపల్లె దగ్గరే ఉన్నారు. రిషివ్యాలీ చుట్టూ ఉన్న పల్లెల బడుల్లో 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందల కార్డులు చేశారు. కార్డుకో బొమ్మ గుర్తు. గోడ మీద ఒక నిచ్చెన. తను ఏ మెట్టు మీద ఉందో పిల్లే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటుంది. కొత్త సంగతి నేర్చుకునేవాళ్లు టీచరు పక్కన, సాధన చేసేవాళ్లు తోటివాళ్లతో కూర్చుంటారు. అన్ని తరగతులూ ఒక్క గదిలోనే ఉన్న బడికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు నేను చూడలేదు. మేకల వెంట పోయి నెల్లాళ్లకు తిరిగొచ్చిన పిల్లాడు, వదిలిన కార్డు దగ్గరే మళ్లీ అందుకుంటాడు. ఈ పద్ధతి చూసిన స్ఫూర్తితోనే 1995లో మైసూరు జిల్లా హెచ్‌.డి. కోటెలో ‘నలి కలి’ బోధన పద్ధతి మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అదే దారి పట్టాయి. పొరుగువాళ్లు రాష్ట్రమంతా పరిచారు. పెరటి చెట్టు సంగతి తెలిసిందే కదా!

కాగితం మీది ప్రణాళిక ఏమవుతుందో తేల్చిన పరీక్ష కూడా మన దగ్గరే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 100 పల్లె బడులను ఎంచుకుని, పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చో ఏది రాదో రాసిన నివేదికలు టీచర్ల చేతికిచ్చారు. పరిశీలకులు వచ్చినప్పుడు టీచర్లు మరింత శ్రద్ధగా పనిచేశారు. కానీ పిల్లల మార్కులు నివేదికలు అందని బడులకన్నా ఏమీ పెరగలేదని 2010లో ప్రచురించారు. లోపం తెలిసినంత మాత్రాన టైంటేబుల్ మారదు మరి. ఒత్తులు రానివాడికి ఒత్తులు చెప్పే గంట అందులో లేదు.

అదే మురళీధరన్ బృందం తర్వాత ఢిల్లీలో, బడి అయ్యాక పిల్లల స్థాయిని బట్టి ప్రశ్నలిచ్చే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. నాలుగున్నర నెలల్లో మార్కులు బాగా పెరిగాయి. మన రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. వాటిలో ఎనిమిదో తరగతి వీడియో ఎంత ముచ్చటగా ఉన్నా, భాగహారం దగ్గర ఆగిపోయినవాడికి అది ఎవరిదో పాఠమే.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో మాత్రం ఎవరి ప్రణాళిక వారికి రాస్తారు. ఈ వారం చొక్కా గుండీ పెట్టుకోవడం, వచ్చే వారం పది దాకా లెక్కించడం. అక్కడ ‘ఏ తరగతి’ అన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో తల్లిదండ్రులు మాస్టార్ల ఎదుట కూర్చుని మార్కుల సంగతి విన్నారు. మళ్లీ కోతలొస్తాయి. చంటివాడితో ఇంట్లో ఆగిపోయిన పిల్ల ఎన్ని రోజులు రాలేదో హాజరు పట్టీ చెబుతుంది. ఏ లెక్క దగ్గర ఆగిందో రాసుకోవడానికి అందులో గడి లేదు.